ఫ్రీగా వస్తుంటే ఎందుకు తీసుకోలేదు? ఈ ఫుట్‌బాల్ వాదనకు కూర్చునే ముందు చేయాల్సిన పనులు

అనంతపురం సప్తగిరి సర్కిల్‌కు కొంచెం దూరంలో మాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్లీ బోరులోకి దింపేలా చేసి ఇవ్వడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే. షాపు ముందు రెండు సిమెంటు బెంచీలున్నాయి. పగలు వాటి మీద రైతులు కూర్చుంటారు. సాయంత్రం ఆరు దాటాక మా ఫుట్‌బాల్ జనం చేరతారు: మెడికల్ షాపు అన్న, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే సారు, మా బావ, నా దగ్గర పని నేర్చుకునే పిల్లోడు, ట్యూషన్ అయ్యాక మా అమ్మాయి. మా మధ్య పదేపదే లేచే వాదన ఒకటే: కాంట్రాక్టు అయిపోయిన పెద్ద ఆటగాడు, పాత క్లబ్‌కు ఫీజు కట్టకుండానే దొరుకుతుంటే మన క్లబ్ ఎందుకు తీసుకోలేదని.

మా ఊళ్లో ఈ ఆట ఇంత లోతుగా పాతుకోవడానికి ఒక కారణం ఉంది. ఫాదర్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో. 1969లో ఈ కరువు నేలకు వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ మొదలుపెట్టారు. మా చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ల గోడల మీద ఆయన ఫోటో ఉంటుంది. ఆ సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లోనే మా అమ్మాయి బంతి తన్నడం నేర్చుకుంది. అందుకే బార్సిలోనా గురించి ఏ వార్త వచ్చినా మా బెంచీల దగ్గర అది ఇంటి వార్తే.

2021 ఆగస్టులో మెస్సి బార్సిలోనా క్లబ్ వదిలి వెళ్లినప్పుడు మా బావ, మెడికల్ షాపు అన్న ఇదే బెంచీ మీద గట్టిగా పోట్లాడుకున్నారు. మాట మాట పెరిగి, తర్వాత నెల రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మా బావకు జ్వరమొస్తే మాత్రల కోసం పాతూరు దాకా పోయాడు గానీ పక్కనున్న ఆ షాపు మెట్టెక్కలేదు. నాకు చాలా బాధేసింది. ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరికీ ఆట మీద ప్రాణం. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే, ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్తున్నారు. అన్న అడిగేది ‘క్లబ్ ఎందుకు వదులుకుంది?’ అని. బావ చెప్పేది ‘ఆయన ఎందుకు వెళ్లాడు?’ అని. అప్పటి నుంచి మా దగ్గర ఇలాంటి వాదన మొదలైతే కొన్ని పనులు చేశాకే గొంతు పెంచాలని పెట్టుకున్నాం. మీ ఊళ్లో, మీ హాస్టల్లో, మీ ఆఫీసులో కూడా పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు తేల్చుకోండి: వద్దన్నారా, తేలేకపోయారా, అతనే రాలేదా?

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. ఒక పెద్ద ఆటగాడి కాంట్రాక్టు అయిపోయి, మన టీమ్‌లోకి రాకుండా పోయాడంటే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. క్లబ్ వద్దనుకుని ఉంటుంది. లేదా కావాలనుకున్నా డబ్బు, నిబంధనలు అడ్డం పడి ఉంటాయి. లేదా ఆటగాడే వేరే చోటు ఎంచుకుని ఉంటాడు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. తిట్టాల్సిన మనిషి మాత్రం మారిపోతాడు.

మెస్సి కథలో వీటిలో రెండు ఉన్నాయి. అతని కాంట్రాక్టు 2021 జూన్ 30తో ముగిసింది. అప్పుడతనికి 34 ఏళ్లు. ఆ సీజన్లో బార్సిలోనాకు 47 మ్యాచ్‌లలో 38 గోల్స్ కొట్టాడు. అంటే ఆట తగ్గిందని ఎవరూ అనలేరు. క్లబ్ కావాలంది, అతను సగం జీతానికి ఒప్పుకున్నానని చెప్పాడు. కానీ స్పెయిన్‌లో లీగ్ ప్రతి క్లబ్‌కూ జీతాల పరిమితి పెడుతుంది. ఆ పరిమితికి మించి ఉంటే కొత్తగా రాసుకున్న ఆటగాణ్ణి లీగ్ నమోదు చేయదు. క్లబ్ అధ్యక్షుడు లపోర్తా చెప్పిన లెక్క ప్రకారం మెస్సి ఉంటే జీతాల ఖర్చు క్లబ్ ఆదాయంలో 110 శాతం అవుతుంది. అతను లేకపోయినా 95 శాతం. లేకపోయినా 95! ఆ ఒక్క అంకె చూస్తే చాలు, తప్పు ఆ ఆగస్టు నెలది కాదని తెలుస్తుంది. అంతకు ముందు ఏళ్లలో ఇష్టమొచ్చినట్టు ఇచ్చిన కాంట్రాక్టులది. ఆగస్టు 5న మన టైము రాత్రి పదకొండు దాటాక క్లబ్ ప్రకటన వచ్చింది. 8వ తేదీ ఆదివారం మధ్యాహ్నం మేమంతా షాపు షట్టరు సగం దించి, ఒకే ఫోన్లో అతను ఏడవడం చూశాం. 10వ తేదీకల్లా పారిస్ క్లబ్ పీఎస్‌జీలో చేరిపోయాడు. ఇది ‘తేలేకపోయారు’ కిందికి వస్తుంది.

రెండేళ్ల తర్వాత, 2023లో, పీఎస్‌జీ కాంట్రాక్టు అయిపోయి మళ్లీ ఊరికే దొరికాడు. అప్పుడు అతనికి 36 ఏళ్లు నిండబోతున్నాయి. బార్సిలోనా మళ్లీ పిలిచింది. వాళ్ల ఖర్చుల ప్రణాళికకు ఈసారి లీగ్ ఒప్పుకుంది కూడా. కానీ తన కోసం వేరే ఆటగాళ్లను అమ్మాలని, కొందరి జీతాలు కోయాలని విన్నానని, ఆ పరిస్థితిలోకి మళ్లీ వెళ్లదలచుకోలేదని మెస్సే చెప్పాడు. అమెరికాలోని ఇంటర్ మయామి క్లబ్‌కు వెళ్తున్నానని జూన్ 7న ప్రకటించాడు. ఇది ‘అతనే రాలేదు’. అదే ఆటగాడు, అదే క్లబ్, కారణం మాత్రం వేరు. 2021 కోపాన్ని 2023 మీద పోసి మాట్లాడేవాళ్లు మా బెంచీ మీద ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను నేను ఆపి, ‘ఏ ఏడాది గురించి చెప్తాండావు మామా?’ అని అడుగుతాను. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక ‘వద్దన్నారు’ అనేదానికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లో. 2011లో ఏసీ మిలాన్ ఇటలీ లీగ్ గెలిచింది. ఆ సీజన్లో పిర్లో గాయాలతో చాలా మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. 32 ఏళ్లు వచ్చాయి. మిలాన్ పోనిచ్చింది, అదే లీగ్‌లోని యువెంటస్ పైసా ఫీజు లేకుండా తీసుకుంది. ఆ తర్వాత వరుసగా నాలుగేళ్లు, పిర్లో ఉన్న ప్రతి సీజన్లోనూ, యువెంటస్సే లీగ్ గెలిచింది. మొదటి సీజన్లో అయితే లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఇక్కడ మిలాన్ అభిమాని మేనేజ్‌మెంట్‌ను నిలదీస్తే అందులో న్యాయం ఉంది.

కొన్నిసార్లు మూడూ కలిసిపోతాయి. తన డిఫెండర్ సెర్హియో రామోస్‌కు 2021లో రియల్ మాడ్రిడ్ ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇస్తానంది. ఆయనకు రెండేళ్లు కావాలి. చివరికి ఒక ఏడాదికే సరే అనేసరికి, ఆ ప్రతిపాదన గడువు అయిపోయిందని క్లబ్ చెప్పిందట. వీడ్కోలు రోజు ఆయనే చెప్పిన మాట ఇది. మా పిల్లోడు మాడ్రిడ్ అభిమాని. రామోస్ పేరెత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది వాడికి. కానీ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. రామోస్ గాయంతో పీఎస్‌జీకి మొదటి మ్యాచ్ ఆడింది నవంబర్ 28న. ఆయన లేకుండానే మాడ్రిడ్ ఆ సీజన్లో స్పెయిన్ లీగ్, యూరప్ పెద్ద క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచింది. డిఫెన్స్‌లోకి వాళ్లు తెచ్చుకున్న అలాబా కూడా ఫ్రీగా వచ్చినవాడే.

క్లబ్ చెప్పే మాటను ఎంత నమ్మాలో నాకు మా సొంత టీమ్ నేర్పింది

ఈ ముక్క చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది. మాకు ఒక సెవెన్స్ టీమ్ ఉంది, అంటే జట్టుకు ఏడుగురు ఆడే ఆట. దసరా, సంక్రాంతి సెలవుల్లో చుట్టుపక్కల ఊళ్లలో పెట్టే పోటీలకు వెళ్తాం. డబ్బు లెక్కలు నావి. కొన్నేళ్ల కిందట పక్క టీమ్‌లో స్టాపర్‌గా, అంటే గోల్ ముందు కాపు కాసే డిఫెండర్‌గా, ఆడే ఒకాయన వాళ్లతో పడక బయటికి వచ్చేశాడు. 41 ఏళ్లు. మోకాలికి ఎప్పుడూ నల్ల పట్టీ. పరుగు తక్కువే. కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే అక్కడ నిలబడి ఉండేవాడు. ఆయనే మా షాపుకొచ్చి బెంచీ మీద కూర్చుని, ‘నాకు డబ్బులొద్దప్పా. పిల్లకాయలకు నిలబడేది నేర్పిస్తా. ఆటో ఖర్చు ఇయ్యి చాలు’ అన్నాడు.

నేను వద్దన్నాను. వయసు చూసి వద్దన్నాను. ఆయన్ను తీసుకుంటే మా కెప్టెన్ చిన్నబుచ్చుకుంటాడని కూడా లోపల భయం. మిగతా టీమ్‌తో మాత్రం ‘అన్నకు వీలు కాదంట’ అని చెప్పాను. ఆ దసరాకు సెమీ ఫైనల్లో రెండు గోల్స్ తిన్నాం. రెండూ కార్నర్ కిక్కుల మీద వచ్చినవే. రెండుసార్లూ మా కుర్రోళ్లు బంతి వైపు చూస్తూ నిలబడ్డారు, వెనక ఉన్నవాణ్ణి ఎవరూ చూడలేదు. ఆయన ఉండి ఉంటే ఒక్క కేక వేసి అందర్నీ సర్దేవాడు. ఆ రాత్రి జీపులో తిరిగొస్తూ, ‘అన్న వచ్చుంటే బాగుండు, రాలేదు గదా’ అని ఒక కుర్రాడు అన్నాడు. నేను నోరు విప్పలేకపోయాను.

‘వద్దన్నాం’ అనేదాన్ని ‘రాలేదు’ అని చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. కాబట్టి పేపర్లో, టీవీలో ‘చర్చలు ఫలించలేదు’ అని వస్తే అక్కడితో ఆగొద్దు. ఆటగాడు సొంత నోటితో ఏమన్నాడో వెతకండి. క్లబ్ మాట, ఆటగాడి మాట రెండూ ఒకేలా ఉంటే నమ్మొచ్చు. వేరుగా ఉంటే ఏ మాట ఎవరిని కాపాడుతోందో చూడండి. ‘దగ్గరి వర్గాలు చెప్పాయి’ అనే వార్తలతో వాదన గెలవాలని చూడకండి. రెండు రోజుల్లో అవే తిరగబడతాయి.

ఫ్రీ అంటే ఎంత ఖర్చో కాగితం మీద వేసుకోండి

కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు ఫీజు లేకుండా వేరే క్లబ్‌కు పోవచ్చనేది మొదటి నుంచీ ఉన్న హక్కు కాదు. బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కాంట్రాక్టు ముగిశాక ఫ్రాన్స్‌లోని క్లబ్‌కు వెళ్దామంటే, పాత క్లబ్ డబ్బు కట్టమని కూర్చుంది. ఆయన కోర్టుకు పోయాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇప్పుడు కాంట్రాక్టు చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్‌తో ముందే మాట్లాడుకుని సంతకం కూడా పెట్టొచ్చు. అందుకే జనవరిలో వచ్చే వార్తలు జూలైలో నిజమవుతుంటాయి.

అయితే ‘ఊరికే’ అనేది పాత క్లబ్‌కు కట్టే ఫీజు వరకే. జీతం ఉంటుంది. సంతకం పెట్టినందుకు ఇచ్చే బోనస్ ఉంటుంది. ఏజెంట్ కమిషన్ ఉంటుంది. ఫీజు మిగిలింది కదా అని ఆటగాడు జీతం పెంచి అడుగుతాడు, అది అతని హక్కు.

నేనైతే మా రైతులకు చెప్పినట్టే చెప్తాను. ఎవరో బంధువు బోరు ఎండిపోయి, ‘నా మోటారు ఊరికే తీసుకుపో’ అంటాడు. రైతు సంతోషంగా ట్రాక్టర్‌లో వేసుకొచ్చి నా ముందు దింపుతాడు. మోటారు ఊరికే. కానీ దాన్ని దింపాలంటే పైపులు కావాలి, కేబుల్ కావాలి, స్టార్టర్ కావాలి. బుష్‌లు అరిగి ఉంటే మార్చాలి. వైండింగ్ పోయి ఉంటే రాగి కొనాలి, రాగి ధర మీకు తెలిసిందే. అన్నీ కలిపి ఒక కాగితం మీద వేసి చూపిస్తే, కొన్నిసార్లు కొత్త మోటారే మేలని తేలుతుంది. కొన్నిసార్లు పాతదే బంగారం. వేసి చూడకుండా రెండింట్లో ఏదీ చెప్పలేం.

క్లబ్‌కు కూడా ఆ కాగితం వేయండి. 25 ఏళ్ల ఆటగాణ్ణి 3 కోట్ల యూరోలకు ఐదేళ్లకు కొన్నారనుకోండి. ఖాతా పుస్తకంలో ఆ ఫీజు ఏడాదికి 60 లక్షల చొప్పున పడుతుంది. దానికి జీతం కలపండి. మూడేళ్లకు అతన్ని అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. 34 ఏళ్ల ఫ్రీ ఆటగాడికి ఫీజు సున్నా, కానీ రెండేళ్ల తర్వాత అమ్మితే వచ్చేదీ సున్నా. అందుకని ఏడాదికి మొత్తం ఎంత, చివర్లో ఎంత మిగులుతుంది అని రెండు అంకెలు పక్కపక్కన రాయండి. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలే. మీ క్లబ్‌కు మీరు వేసుకోండి. మా లెక్కల సారు ఈ కాగితం వేయనిదే నోరు తెరవడు, మేమూ ఇప్పుడు అలవాటు పడ్డాం.

వయసు చెప్పొద్దు, నిమిషాలు చెప్పండి

మోటారు మీద తయారైన సంవత్సరం రాసి ఉంటుంది. దాన్ని చూసి నేనెప్పుడూ తీర్పు చెప్పను. ముందు శాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ ఊపుతాను. ఊగితే బుష్‌లు అరిగాయని అర్థం. విప్పాక వైండింగ్ రంగు చూస్తాను. రాగి మీద వార్నిష్ తేనె రంగులో మెరుస్తుంటే ఇంకా ఏళ్లు పని చేస్తుంది. ఒక మూల నల్లబడి, మాడిన వాసన వస్తే అది ఎంత కొత్తదైనా లాభం లేదు. తర్వాత నీళ్ల తొట్టిలో దింపి నడిపిస్తూ క్లాంప్ మీటరు పెడతాను. మూడు ఫేజుల్లో కరెంటు సమానంగా లాగాలి. ఒక్క ఫేజులో ఎక్కువ లాగినా, అది బోరులో పది రోజులు నడిచి ఆగిపోతుంది. పైకి చూస్తే మాత్రం రెండు మోటార్లూ ఒకేలా ఉంటాయి.

ఆటగాడి విషయంలో క్లాంప్ మీటరు అంటే అతను గత రెండు సీజన్లలో ఆడిన నిమిషాలు. లీగ్ వెబ్‌సైట్లలో దొరుకుతాయి, ఎవరైనా చూడొచ్చు. ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడు? వరుసగా ఎన్ని వారాలు ఆడగలిగాడు? గాయమైతే ఎన్నాళ్లకు తిరిగొచ్చాడు? అదే కండరం మళ్లీ మళ్లీ పట్టేస్తోందా? ఇవి నాలుగూ చూడండి. తర్వాత అతను ఆడే చోటు చూడండి. అంచున పరుగెత్తే వింగర్‌కు 33 వేరు, మధ్యలో నిలబడి ఆట నడిపేవాడికి 33 వేరు.

డిఫెండర్ తియాగో సిల్వాను 2020లో పీఎస్‌జీ వదిలేసింది. 35 ఏళ్లు, ఇంకో నెలలో 36. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ ఫ్రీగా తీసుకుంది. మరుసటి మే 29న చెల్సీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆయన అక్కడ నాలుగు సీజన్లు ఆడాడు. స్ట్రైకర్ ఇబ్రహిమోవిచ్ 38 ఏళ్ల వయసులో 2020 జనవరిలో మిలాన్‌కు తిరిగొచ్చాడు. మరుసటి సీజన్లో లీగ్‌లో 19 మ్యాచ్‌లే ఆడగలిగినా 15 గోల్స్ కొట్టాడు. 2022లో, పదకొండేళ్ల తర్వాత, మిలాన్ మళ్లీ లీగ్ గెలిచినప్పుడు ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నాడు. అంటే కొందరు పెద్దవాళ్లు సగం మ్యాచ్‌లకే వచ్చినా టీమ్‌కు వెన్నెముక అవుతారు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. స్ట్రైకర్ కవాని 2020లో మూడు నెలలు ఏ క్లబ్ లేకుండా ఉండి, అక్టోబర్ 5న, విండో (క్లబ్‌లు ఆటగాళ్లను తీసుకునే గడువు) చివరి రోజు మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. మొదటి సీజన్లో 17 గోల్స్. మా మెడికల్ షాపు అన్న యునైటెడ్ అభిమాని, ఆ ఏడాదంతా ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకో ఏడాది పొడిగించారు. రెండో సీజన్లో 2 గోల్స్. అందుకే నేను ఎప్పుడూ అడిగేది మొదటి ఏడాది గురించి కాదు, రెండో ఏడాది జీతం గురించి.

అగ్వేరో విషయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2021లో మాంచెస్టర్ సిటీ నుంచి బార్సిలోనాకు ఫ్రీగా వచ్చాడు. స్నేహితుడు మెస్సితో కలిసి ఆడొచ్చనుకుంటే ఆ స్నేహితుడే వెళ్లిపోయాడు. అక్టోబర్ 30న మ్యాచ్ మధ్యలో ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. గుండె కొట్టుకునే తీరులో తేడా ఉందన్నారు. డిసెంబర్ 15న కన్నీళ్లతో ఆట మానేస్తున్నానని చెప్పాడు. 33 ఏళ్లు. దీనికి ఎవర్నీ తప్పు పట్టలేం. ఇలాంటిది జరిగాక ‘నేను ముందే చెప్పాను’ అనేవాళ్లను మా బెంచీ మీద కూర్చోనివ్వం. మనిషి ప్రాణం వాదనలో పాయింటుగా వాడకూడదు.

నిబంధనల గురించి రెండు మాటలు చాలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో పెద్దవాళ్ల జాబితా 25 మందికి మించకూడదు, 21 ఏళ్ల లోపు పిల్లలు ఆ లెక్కలోకి రారు. విండో మూసేలోపే కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉన్నవాణ్ణి తర్వాత కూడా నమోదు చేసుకునే వెసులుబాటు ఫిఫా నిబంధనల్లో ఉంది. కాబట్టి సెప్టెంబర్ 1కే ‘ఇక అయిపోయింది’ అని ఏడవక్కర్లేదు. జాబితాలో చోటుందో లేదో ముందు చూడండి.

వాదించేటప్పుడు

మ్యాచ్ అయిపోయిన వెంటనే ఈ విషయం ఎత్తొద్దు. స్పెయిన్‌లో రాత్రి 9 గంటల మ్యాచ్ మనకు ఎండాకాలంలో 12:30కి, చలికాలంలో 1:30కి మొదలవుతుంది. ఓడిపోయి తెల్లవారుజామున మూడింటికి నిద్ర కళ్లతో ఎవరితో మాట్లాడినా మాట జారుతుంది. మరుసటి సాయంత్రం దాకా ఆగండి. మేము ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాకే మొదలుపెడతాం. నోరు నిండుగా ఉంటే ఎదుటివాడు చెప్పేది చెవిలో పడుతుంది.

‘ఆ రోజుకు తెలిసింది ఏంటి?’ అని అడగడం అలవాటు చేసుకోండి. 2011 వసంతంలో పిర్లో గాయాల కాగితం చూసి మిలాన్ ఏమనుకుందో, 2015లో నాలుగు టైటిళ్లు చూశాక మనం అనుకునేది వేరు. ఫలితం చూసి తీర్పు చెప్పడం అందరికీ వచ్చు. నాక్కూడా మా స్టాపర్ అన్న విషయంలో కార్నర్లు పడ్డాక బుద్ధి వచ్చింది అనుకుంటారేమో. కానీ ఆయన ఎలా నిలబడతాడో అంతకు ముందు ఐదేళ్లుగా నా కళ్లతో చూశాను. ఆ రోజే నాకు తెలుసు. అందుకే అది తప్పు అంటున్నాను.

ఇంకో మాట అడగడం మర్చిపోతుంటారు: ఆ పెద్దాయన వస్తే బయట కూర్చునేది ఎవరు? మన టీమ్‌లో అదే చోట 19 ఏళ్ల కుర్రాడు ఎదుగుతుంటే, క్లబ్ వద్దనడంలో అర్థం ఉండొచ్చు. ఎవరూ లేకపోతే అర్థం లేదు. మా అమ్మాయే మాకు ఈ ప్రశ్న నేర్పింది. తనూ ఒక ఏడాదంతా సీనియర్ అక్క వెనక బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నందుకు బాధపడింది, ఆ అక్క పక్కన ప్రాక్టీస్ చేసినందుకు ఆట మెరుగైంది కూడా. రెండూ తనే చెప్తుంది. అందుకే ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు ఉండదు. ఆ పెద్దాయన నేర్పే రకమా, కాదా అన్నది కూడా చూడాలి.

చివరి పని, రాసిపెట్టడం. నా గల్లాపెట్టె కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఎడమ పేజీలో తేదీ, ఆటగాడి పేరు, వయసు, గత సీజన్లో ఎంత ఆడాడు, మూడు కారణాల్లో ఏది, ఎవరు ఏమన్నారు అని రాస్తాం. ఎవరి మాట కింద వాళ్లే సంతకం పెట్టాలి. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాం. సీజన్ పూర్తయ్యాకే దాన్ని నింపాలి. ఇది మొదలుపెట్టాక గొంతులు తగ్గాయి. రాసి సంతకం పెట్టాల్సి వస్తే మనిషి ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు. బావ, మెడికల్ షాపు అన్న ఇప్పుడు ఒకే పెన్నుతో సంతకాలు పెడుతున్నారు.

2025 జూలై 14 పేజీలో లూకా మోడ్రిచ్ ఉన్నాడు. 39 ఏళ్లు, రియల్ మాడ్రిడ్ నుంచి ఏసీ మిలాన్‌కు, ఫ్రీగా. ‘మాడ్రిడ్ ఇంకో ఏడాది ఉంచుకోవాల్సింది’ అని మా పిల్లోడు రాశాడు. ‘మాడ్రిడ్ చేసింది సరే, మిలాన్ చేసింది ఇంకా సరే’ అని సారు. ‘40 ఏళ్లకు ఇటలీలో వారం వారం ఆడలేడు’ అని బావ. మోడ్రిచ్‌కు సెప్టెంబర్ 9న 40 నిండాయి. 14న బొలోన్యా మీద మిలాన్ 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోల్ ఆయనదే. మరుసటి పొద్దున పిల్లోడు షట్టరు ఎత్తగానే నోట్‌బుక్ తీసి, కుడి పేజీ తిప్పి, పెన్ను మూత తీశాడు. మా అమ్మాయి కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని అప్పుడే బయల్దేరుతోంది. ఆ నోట్‌బుక్ వాడి చేతిలోంచి తీసుకుని, మూసి, మళ్లీ గల్లాపెట్టె కింద పెట్టేసింది.

‘మే నెల దాకా ఆగు అన్నా’ అంది.